చక్రం ఒక చుట్టు తిరిగితే చప్పుడు ఎన్నిసార్లు?

చెన్నైలో ఉండే మా బావగారి దగ్గర 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మొన్న ఫోన్ చేసి, "ఏమోయ్, సైన్సు అంటూ ఏవేవో రాస్తుంటావుగా, వెనకనుంచి టక్ టక్ మంటోంది, ఎందుకో చెప్పు చూద్దాం" అన్నారు. మెల్లగా వెళ్తుంటే వినిపిస్తుందట, నలభై దాటితే వినపడదట. మెకానిక్ కింద పడుకుని చూసి డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బా, పోయిందని తేల్చేశాడు. బావగారి అమ్మగారు దిష్టి అని తేల్చి వెనక బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. ఇద్దరూ లెక్కపెట్టకుండానే చెప్పారు, అదే నా ఫిర్యాదు.

డిఫరెన్షియల్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ చెప్పను. స్కూలు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి అర్థం చేసుకున్నవాళ్లెవరూ నాకు తగల్లేదు. మనకు కావలసినవి రెండు అంకెలే. ఇంజను వైపునుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న గేరు, పినియన్, దానికి 9 పళ్లు. అది తిప్పే పెద్ద గేరు క్రౌన్, దానికి 37. కారు చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్టు 4.11 చుట్లు తిరుగుతుంది. ఎనిమిదో తరగతిలో ఇలాంటి లెక్కను రెండు మార్కుల కోసం చేశాం. ఆ లెక్కతో చెడిపోయిన భాగాన్ని పట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

ఎలాగంటే, కారు వెనక భాగంలో ప్రతి వస్తువుకూ, పాటకున్నట్టు, దాని తాళం దానికి ఉంది. టైరులోనో, బ్రేకు డ్రమ్ములోనో, క్రౌన్ పన్నులోనో లోపముంటే చక్రం చుట్టుకు ఒక్క దెబ్బ. పినియన్ పన్ను విరిగితే చుట్టుకు 4.11, అంటే పది చుట్లకు 41. బేరింగ్ అయితే ఇంకా చిత్రం. పెద్ద బండరాయిని దుంగల మీద దొర్లిస్తే రాయి రెండడుగులు కదిలినప్పుడు దుంగ ఒక్కడుగే కదులుతుంది. బేరింగులో గుండ్లూ అంతే, చక్రం వేగంలో సగానికే తిరుగుతాయి. పైగా లోపలి రింగు చిన్నది, బయటిది పెద్దది కాబట్టి సగానికీ కాస్త తక్కువ, సుమారు 0.4 చుట్టు. తొమ్మిది గుండ్లున్నాయనుకుందాం. బయటి రింగులో ఒక గుంట పడితే చక్రం చుట్టుకు 3.6 గుండ్లు దాని మీదుగా పోతాయి. లోపలి రింగులో పడితే 5.4. రెండూ కలిపితే సరిగ్గా తొమ్మిది, గుండ్ల లెక్కే. ఆ 3.6 ఏ తాళానికీ కుదరదు. మళ్లీ సమానికి, అంటే తాళం మొదలైన చోటికి, రావడానికి ఐదు చుట్లు పడుతుంది.

37, 9 అనే అంకెలు ఎందుకంటారా? 36, 9 పెడితే లెక్క సుఖంగా ఉండేది. కానీ అప్పుడు పినియన్‌లోని ఒక పన్ను ఎప్పుడూ అదే నాలుగు పళ్లను తాకుతుంది, పాత పగ ఉన్నవాళ్లలా ఒకరినొకరు అరగదీసుకుంటారు. 37కీ 9కీ ఉమ్మడి కారణాంకం లేదు. అందుకే ప్రతి పన్నూ ప్రతి పన్నుతోనూ కలుస్తుంది, ఒకసారి కలిసిన జంట మళ్లీ కలవాలంటే చక్రం తొమ్మిది చుట్లు తిరగాలి. ఈ చక్రం ఒక చుట్టుకు సుమారు 1.8 మీటర్లు పోతుంది, అంటే పదహారు మీటర్లకు ఒక కలయిక. రెండు గేర్లలోనూ చెరో పన్ను దెబ్బతింటే, ఆ రెండూ ఢీకొనే పెద్ద చప్పుడు పదహారు మీటర్లకోసారి వినిపించాలి.

ముందు మెకానిక్ మాట పరీక్షించాం. ఆదివారం తెల్లవారుజామున సముద్రం ఒడ్డున పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద 65 వేగంతో వెళ్లాం. ఆ వేగంలో చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది, పళ్లు 370 సార్లు కలుస్తాయి. సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే నాలుగున్నర శ్రుతి. అరిగిన డిఫరెన్షియల్ ఆ స్థాయిలో ఏడుస్తుంది, పైగా యాక్సిలరేటరు తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా. ఎందుకంటే తొక్కినప్పుడు పన్నుకు ఒక ముఖం మీద బరువు, వదిలినప్పుడు రెండో ముఖం మీద. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని కూర్చున్నాను. తొక్కినా వదిలినా ఆ శ్రుతి దగ్గర ఏమీ లేవలేదు.

తర్వాత మైలాపూరులో వాళ్ల వీధిలోకే తెచ్చి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, వాచ్‌మన్, పాలబ్బాయి చేత తోయించాం. ఏడు వందల కిలోల పైచిలుకు బండి, తేలిగ్గానే కదిలింది. ఎడమ టైరు మీద సుద్దతో గీత గీశాను. గీత కిందికి వచ్చినప్పుడల్లా బావగారు తొడ మీద చెయ్యి వేయాలి, నేను చప్పుళ్లు లెక్కపెట్టాలి. కచేరీలో ముందు వరసలో కూర్చునే మనిషి కాబట్టి ఆయన తాళం తప్పలేదు. ఇరవై చుట్లకు నలభై చప్పుళ్లు. ఇరవై కాదు, 72 కాదు, 82 కాదు.

చుట్టుకు రెండు అంటే క్రాస్. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే చిన్న షాఫ్టు మొదట్లో, చక్రం కిందామీదా ఊగడానికి వీలుగా, కూడిక గుర్తులాంటి ఇనప ముక్క ఒకటి ఉంటుంది. నాలుగు కొమ్మలకూ నాలుగు టోపీలు, వాటిలో సూదుల్లాంటి రోలర్లు. షాఫ్టు వంపులో ఉంటే ప్రతి కొమ్మా టోపీలో చుట్టుకొకసారి అటూ ఇటూ ఊగుతుంది. ఊగే దిశ మారేది రెండు చోట్ల, అందుకే చప్పుడు రెండుసార్లు. ఈ సూదులు పూర్తిగా తిరగవు, ఉన్నచోటే కాస్త దొర్లి వెనక్కొస్తాయి. గ్రీజు పక్కకు జారిపోతుంది, సూదులు అక్కడే గాట్లు పెడతాయి. చెన్నై ఉప్పు గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఇది డిఫరెన్షియల్‌కు జానెడు దూరంలోనే ఉంటుంది. ఇనుము శబ్దాన్ని దాచుకోదు కనుక మెకానిక్ చెవికి డబ్బా అంతా మోగినట్టే వినిపించి ఉంటుంది. నలభై దాటితే ఎందుకు వినపడదంటే, అప్పుడు సెకనుకు పన్నెండు చప్పుళ్లవుతాయి, ఇంజను మోతలో కలిసిపోతాయి.

టార్చి వేసి చూస్తే ఎడమ క్రాస్ టోపీ అంచున ఎర్రటి తుప్పు పొడి. దిష్టికి ఇంత కచ్చితంగా రెండంటే రెండే లెక్కపెట్టే ఓపిక ఉందని నేననుకోను, కానీ నిమ్మకాయ విప్పమని అడిగే ధైర్యం నాకు లేదు.

అదృష్టం కొద్దీ, ఈ కారుకు చెన్నైలో చుట్టాలున్నారు. స్పిట్‌ఫైర్ చాసిస్‌కు మూలం ట్రయంఫ్ హెరాల్డ్, ఆ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులోనే స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. పాత టోపీని ఒక డబ్బాలో వేసుకుని పుదుపేటలో మూడు దుకాణాలు తిరిగితే సరిపోయే క్రాస్ దొరికింది. పాతది విప్పినప్పుడు టోపీలో సూదులకు బదులు కాఫీపొడి లాంటిది రాలింది.

బిగించాక మళ్లీ అదే వీధి, అదే ఇరవై చుట్లు. నలభై పోయాయి. కానీ బావగారి చెయ్యి తొడ మీద పడినప్పుడల్లా సన్నగా ఒక్క టక్. ఇరవైకి ఇరవై. ఆయన ముఖం వాడిపోయింది. చుట్టుకు ఒకటే కదా అని టైరు దగ్గర కూర్చుని వెతికాను. గాడిలో బఠాణీ గింజంత కంకర రాయి, ఇంటి తాళంచెవితో పెకలిస్తే ఊడి వచ్చింది.