టర్బో కారులో బ్రేకును నొక్కేది ఎవరు?

1987 నాటి బ్యూక్ గ్రాండ్ నేషనల్‌ని చూస్తే రేసు కారు అనిపించదు. నల్లటి పెట్టెలాంటి కారు, లోపల 3.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, దానికి ఒక టర్బో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే పంపు. కంపెనీ లెక్కన 245 హార్స్‌పవర్. ఆ ఒక్క సంవత్సరంలోనే 20 వేలకు పైగా తయారయ్యాయి, ఇంకా పదును పెట్టిన జీఎన్‌ఎక్స్ మాత్రం 547 మాత్రమే. అమెరికాలో ఈ కార్లను మామూలు రోజుల్లో రోడ్డు మీద తిప్పుతూ, సెలవు రోజున డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్ళి పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పరుగెత్తించే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఈ ఇంజనుకి పవర్ పెంచడం పెద్ద కష్టం కాదు. బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, పెంచి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, కంప్యూటర్ చిప్, టర్బో ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే కారు ఆ 402 మీటర్లను 12 సెకన్లలో దాటుతుంది, దాటేటప్పటికి వేగం సుమారు 180 కిలోమీటర్లు ఉంటుంది. బ్రేకులు మాత్రం పాతవే, ముందు 267 మిల్లీమీటర్ల డిస్కులు, వెనక డ్రమ్ములు. దాంతో ఓనర్ చేసే మొదటి పని పెద్ద డిస్కుల కోసం వెతకడం. నేనైతే డిస్కుల సంగతి చివరికి వదిలేసి, ముందు పెడల్ వెనక బలం ఎక్కడి నుంచి వస్తోందో చూడమంటాను, ఎందుకంటే టర్బో కారు మామూలు కారుతో విడిపోయేది అక్కడే.

మామూలు పెట్రోలు కారులో బ్రేకును మన కాలు ఒక్కటే నొక్కదు. ఇంజను గాలి పీల్చేటప్పుడు ఇన్‌టేక్ గొట్టంలో వాక్యూమ్ ఏర్పడుతుంది, ఆ వాక్యూమ్‌ని ఒక గుండ్రటి డబ్బాలోకి తీసుకుంటారు, అదే బూస్టర్. డబ్బా లోపల ఒక పొర ఉంటుంది, పెడల్ తొక్కగానే దానికి ఒక పక్క వాక్యూమ్, ఇంకో పక్క బయటి గాలి. 25 సెంటీమీటర్ల వెడల్పున్న పొరకి రెండు వైపులా 0.7 బార్ ఒత్తిడి తేడా ఉంటే దాని మీద పడే బలం దాదాపు 350 కిలోల బరువుకి సమానం. మనం మెత్తగా తొక్కినా కారు ఆగిపోతోందంటే దాని పుణ్యమే.

టర్బో చేసే పని దీనికి సరిగ్గా వ్యతిరేకం, గాలిని పీల్చుకోనివ్వకుండా లోపలికి తోస్తుంది. బూస్ట్ ఎక్కిందంటే వాక్యూమ్ పోయినట్టే. రోడ్డు మీద ఇది తెలియదు, బ్రేకు తొక్కే ముందు యాక్సిలరేటర్ వదిలేస్తాం కాబట్టి వాక్యూమ్ మళ్ళీ వచ్చేస్తుంది. డ్రాగ్ స్ట్రిప్‌లో అలా కుదరదు. లైటు పచ్చబడే ముందు ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని బ్రేకుతో పట్టి ఉంచి, కారు కదలకుండానే బూస్ట్ ఎక్కించాలి, లేకపోతే టర్బో లేచేసరికి పక్క కారు వెళ్ళిపోతుంది. అంటే బ్రేకు గట్టిగా పట్టాల్సిన ఆ క్షణంలోనే దానికి సాయం చేసే వాక్యూమ్ లేదు. బూస్టర్ లోపల వాల్వు ఆపి ఉంచిన కొంచెం వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకి వస్తుంది, బయలుదేరే గీత దగ్గర కారుని సర్దుకుంటూ మూడోసారి తొక్కితే పెడల్ రాయిలా ఉంటుంది.

బ్యూక్ ఇంజనీర్లు దీనికి పవర్‌మాస్టర్ అనే ఏర్పాటు పెట్టారు. ఒక కరెంటు మోటారు బ్రేక్ ఆయిల్‌ని ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపిన బంతిలాంటి పాత్రలోకి తోసి నిల్వ చేస్తుంది, పెడల్ తొక్కితే ఆ నిల్వ సాయానికి వస్తుంది. ఇంజనులో వాక్యూమ్ ఉన్నా లేకపోయినా దీనికి సంబంధం లేదు. ఆలోచన నిజంగా గొప్పది. కానీ ఆ కార్లకి నలభై ఏళ్ళు కావస్తున్నాయి, ప్రెజర్ స్విచ్ పాడవుతుంది, బంతిలో గ్యాస్ తగ్గిపోతుంది, మోటారు ఆగిపోతుంది, అప్పుడు ఎర్ర లైటు వెలుగుతుంది, పెడల్ బిగుసుకుపోతుంది. 180లో ఉండగా ఆ లైటు వెలగడాన్ని మించిన టెన్షన్ ఏముంటుంది?

దాన్ని తీసేసి మామూలు వాక్యూమ్ బూస్టర్ పెట్టుకుంటారు కొందరు. రోడ్డుకి బాగానే ఉంటుంది, గీత దగ్గర మాత్రం పైన చెప్పిన తంటానే. నాకు నచ్చేది హైడ్రోబూస్ట్, ఇది పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడిని బ్రేకుకి వాడుకుంటుంది. డీజిల్ ఇంజన్లలో వాక్యూమ్ పెద్దగా ఉండదు కాబట్టి అమెరికన్ డీజిల్ ట్రక్కుల్లో ఎప్పటి నుంచో వాడుతున్నారు, 1996 నుంచి 2004 దాకా వచ్చిన 4.6 లీటర్ల మస్టాంగ్‌లలోనూ ఇదే. బూస్ట్ ఎంత ఎక్కినా దీని బలం తగ్గదు. ఒక్క భయం ఉంది, ఆ పంపుని తిప్పే బెల్టు తెగితే స్టీరింగ్, బ్రేకు రెండూ ఒకేసారి బరువెక్కుతాయి, లోపలి నిల్వ ఒకటి రెండు తొక్కులకే. కాబట్టి దీన్ని పెట్టుకున్న వాళ్ళు బెల్టుని కంటికి రెప్పలా చూసుకోవాలి. బూస్టర్ లేకుండా కాలి బలంతోనే నడిపే వాళ్ళు పెడల్ బలాన్ని బ్రేక్ ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ సైజు తగ్గించాలి. 28.6 మిల్లీమీటర్ల దాని బదులు 23.8 ది వేస్తే అదే బలానికి ఒత్తిడి 44 శాతం పెరుగుతుంది, బదులుగా పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. తేరగా ఏదీ రాదు కదా.

ఇక వెనక డ్రమ్ములు. వీటిని పాతకాలం సరుకని తీసిపారేయాలని చాలామందికి తొందర. కారు ఆగేటప్పుడు బరువు ముందుకి వాలుతుంది, 1600 కిలోల ఈ కారు గట్టిగా ఆగుతుంటే దాదాపు 260 కిలోల బరువు వెనక చక్రాల మీద నుంచి ముందు చక్రాల మీదికి చేరుతుంది, అందుకే ఆగడంలో పెద్ద వాటా ముందు బ్రేకులది. బయలుదేరే ముందు లెక్క తిరగబడుతుంది. ఇంజను తిప్పాలని చూసేది వెనక చక్రాలని, కాబట్టి వాటిని పట్టి ఆపాల్సింది వెనక బ్రేకులు. ముందు ఎంత ఖరీదైన డిస్కులు పెట్టినా వెనక పట్టు లేకపోతే టైర్లు నిలబడిన చోటే గిర్రున తిరుగుతాయి, లేదా కారు లాక్ అయిన (తిరగకుండా బిగుసుకున్న) ముందు చక్రాలని ఈడ్చుకుంటూ గీత దాటేస్తుంది.

డ్రమ్ములో ఇక్కడ పనికొచ్చే గుణం ఒకటుంది. డ్రమ్ము తిరగబోతూ, లోపలి నుంచి దాన్ని ఒరుసుకుని ఆపే బ్రేక్ షూని తనవైపే ఇంకా గట్టిగా లాక్కుంటుంది, అంటే మనం ఇచ్చిన బలాన్ని అదే పెంచుకుంటుంది. డిస్కుకి ఆ గుణం లేదు. అందుకే ఈ బ్యూక్‌ల వాళ్ళు ఏళ్ళుగా చేసే చవక పని ఒకటుంది, వెనక షూలని తోసే 19 మిల్లీమీటర్ల వీల్ సిలిండర్ తీసి షెవర్లే ఎస్-10 పికప్‌ది 22 మిల్లీమీటర్ల సిలిండర్ వేయడం. వైశాల్యం మూడో వంతుకి పైగా పెరుగుతుంది, షూ మీద బలం కూడా అంతే. దీనికీ ఓ వెల ఉంది. వాన రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే వాటికి పక్కకి జారకుండా పట్టుకునే శక్తి పోతుంది, కారు బొంగరంలా తిరుగుతుంది. అందుకని వెనక్కి వెళ్ళే ఒత్తిడిని తగ్గించుకునే వాల్వు ఉండాలి, రోడ్డుకి ఒక సెట్టింగు, స్ట్రిప్‌కి ఒకటి. గేర్‌బాక్స్‌లోనే రివర్స్, ఫస్ట్ గేర్లు రెండింటినీ ఒకేసారి పట్టించి కారుని నిలబెట్టే ట్రాన్స్‌బ్రేక్ పెట్టుకున్న వాళ్ళకి ఈ గొడవ చాలావరకు ఉండదు, గేర్‌బాక్స్ ఆ దెబ్బ తట్టుకుంటే.

ఇప్పుడు డిస్కుల దగ్గరికి వద్దాం. బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. 180 కిలోమీటర్ల వేగంలో ఈ కారు శక్తి 20 లక్షల జౌళ్ళు, ఆరు లీటర్లకు పైగా నీళ్ళని మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్ళేంత. 60లో దీనిలో తొమ్మిదో వంతే. ఆ 20 లక్షల్లో 70 శాతం ముందు డిస్కులు మింగాలనుకుందాం. ఒక్కోటి 8 కిలోల డిస్కులైతే వేడి 190 డిగ్రీలు పెరుగుతుంది, అదే బరువు తగ్గించడానికి చేసిన 3 కిలోల పల్చటి డ్రాగ్ డిస్కులైతే 500 డిగ్రీలు. స్ట్రిప్‌లో ఒక్కసారి ఆగి, నెమ్మదిగా వెనక్కి వచ్చేసరికి అవి చల్లారతాయి కాబట్టి నడిచిపోతుంది. అదే డిస్కులతో పిల్లల్ని ఎక్కించుకుని కొండ రోడ్డు దిగడం మాత్రం తప్పు, నేను ఒప్పుకోను.

పెద్ద డిస్కు వల్ల లాభం ఈ వేడిని పదేపదే ఓర్చుకోవడంలో ఉంది. ఒక్కసారి ఆగే దూరాన్ని తేల్చేది టైరు. పాత బ్రేకులే చక్రాన్ని లాక్ చేయగలుగుతుంటే, పెద్దవి పెట్టి ఒక్క మీటరు కూడా దక్కించుకోలేరు. డ్రాగ్ కోసం ముందు సన్నటి టైర్లు వేస్తే ఆ పట్టు ఇంకా తగ్గుతుంది, అది మర్చిపోతారు. పైగా స్ట్రిప్‌కి 15 అంగుళాల చక్రాలు వాడేట్టయితే డిస్కు 300 మిల్లీమీటర్లకి చేరేసరికే డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే కాలిపర్ చక్రం లోపల పట్టడం కష్టమవుతుంది. 240 కిలోమీటర్లు దాటే కార్లకి అమెరికాలో డ్రాగ్ రేసుల్ని నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పారాచూట్ తప్పనిసరి చేసింది, ఆ వేగంలో బ్రేకులనే నమ్ముకోవడం కుదరదని.

ప్యాడ్ల విషయంలో సర్క్యూట్ రేసుల కోసం చేసినవి కొనకండి. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, డ్రాగ్ కారు ఆగేది చల్లటి బ్రేకులతో, ఒకే ఒక్కసారి. చల్లగా ఉన్నప్పుడే పట్టే మంచి రోడ్డు ప్యాడ్లు చాలు. బ్రేక్ ఆయిల్ మార్చడం అన్నిటికన్నా చవక. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే బుడగలు పుడతాయి, బుడగలుంటే పెడల్ నేలకి అంటుకుంటుంది. డాట్ 4లో ఆ అంకెలు 230, 155.

ఏం మార్చినా స్ట్రిప్‌కి వెళ్ళే ముందు ఖాళీగా ఉన్న చోట, పొడి నేల మీద, 50లో వెళ్తూ గట్టిగా బ్రేకు కొట్టి చూడండి, బయట ఒక మనిషిని నిలబెట్టి ఏ చక్రాలు ముందు లాక్ అవుతున్నాయో చెప్పమనండి. వెనకవి ముందు లాక్ అయితే వాల్వు తిప్పి మళ్ళీ కొట్టండి, ముందువి ముందుగా లాక్ అయ్యేదాకా. తర్వాత కారుని నిలబెట్టి, ఇంజను ఆపేసి, పెడల్ గట్టిపడేదాకా తొక్కి, సాయమంతా అయిపోయాక ఆ బిగుసుకున్న పెడల్ ఎలా ఉంటుందో మీ కాలికి ఒకసారి తెలియనివ్వండి.