జేఆర్‌పీజీ గొడవ వెనక రెండు బటన్ల కంట్రోలర్

2023లో జపాన్ వీడియో గేమ్ ఫైనల్ ఫాంటసీ 16 విడుదలకు ముందు దాని నిర్మాత నవోకి యోషిదా ఒక ఇంటర్వ్యూలో, జేఆర్‌పీజీ (జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రగా మారి ఆడే జపాన్ తరహా ఆట) అనే మాట మొదట్లో విన్నప్పుడు జపాన్ డెవలపర్లకు అది వివక్షలాగే అనిపించిందని చెప్పాడు. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. జపాన్ ఆట అంటే రచయిత గీసిన గీత దాటని కథ, టర్న్ బేస్డ్ (వంతులవారీ) ఫైట్లు, పడమటి ఆట అంటే మన ఇష్టమొచ్చినట్టు తిరిగే ప్రపంచం అని వాదించేవాళ్లు ఇదంతా ఆయా దేశాల స్వభావం అన్నట్టు మాట్లాడతారు. నాకైతే ఇందులో స్వభావం కంటే ఆట ఏ మెషీన్ మీద నడిచింది, ఎవరు కొన్నారు అన్నదే ఎక్కువ కనిపిస్తుంది.

రెండింటికీ మూలం 1974లో అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు ఆడేవాళ్లు. ఆ నడిపించే మనిషి పని అప్పటి కంప్యూటర్‌తో అయ్యేది కాదు కాబట్టి 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన రెండు ఆటలు ఆ అనుభవంలో చెరో ముక్క పట్టుకున్నాయి. విజర్డ్రీ ఫైట్లను తీసుకుంది: ఆరుగురి జట్టు, చీకటి భూగర్భం, చచ్చినవాణ్ని బతికించబోతే అది ఫెయిలై బూడిదవ్వడం, మళ్లీ ఫెయిలైతే ఆ పాత్ర శాశ్వతంగా పోవడం. అల్టిమా తిరుగుడు తీసుకుంది. 1985లో వచ్చిన అల్టిమా 4లో అయితే చివర్లో చంపాల్సిన విలనే లేడు. గుడ్డి దుకాణదారుకి డబ్బులు తక్కువిచ్చి మోసం చేస్తే ఆట గుర్తుపెట్టుకుని మీ నిజాయితీలోంచి కోసేది!

ఇక్కడ జపాన్ గేమ్ డిజైనర్ యూజీ హోరీ వస్తాడు. జపాన్ గేమ్ కంపెనీ ఎనిక్స్ పెట్టిన పోటీలో గెలిచి 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ ప్రదర్శనకు వెళ్లి, అక్కడ విజర్డ్రీ చూశాడు. 1986లో డ్రాగన్ క్వెస్ట్ తెచ్చాడు. పైనుంచి కనిపించే మ్యాప్ అల్టిమాది, శత్రువు ఎదురుగా నిలబడే ఫైట్ విజర్డ్రీది. కానీ ఆడబోయేది టీవీకి తగిలించే నింటెండో గేమ్ మెషీన్ ఫామికామ్ మీద. కీబోర్డ్ లేదు, దిక్కుల ప్లస్ మీట, రెండు ముఖ్యమైన బటన్లు, ఆర్‌పీజీ అంటే ఏంటో తెలియని పిల్లలు, ఆట మొత్తానికి 64 కిలోబైట్లు. అందుకే కమాండ్లన్నీ మెనూలోకి వెళ్లాయి. ఆట రాజు గదిలో మొదలవుతుంది, తలుపుకు తాళం. పెట్టె తెరిచి తాళంచెవి తీసుకుని, తలుపు తెరిచి, మెట్లు దిగేసరికి ఆడటం వచ్చేస్తుంది, మాన్యువల్ చదవక్కర్లేదు. చస్తే సగం డబ్బు పోతుంది గానీ సంపాదించిన అనుభవం పోదు. అంటే చేతి వేగం లేకపోయినా ఓపికుంటే ఎవడైనా గెలవొచ్చు. ఇప్పుడు మనం గ్రైండింగ్ (బలం పెంచుకోడానికి అవే ఫైట్లు మళ్లీ మళ్లీ చేయడం) అని విసుక్కునేది అప్పట్లో అందరినీ ఆటలోకి రానిచ్చిన తలుపు. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు.

దారులు బాగా విడిపోయినట్టు కనిపించేది 1997లో. ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కుల్లో సినిమాలాంటి సీన్లతో వచ్చింది. హీరోకి సొంత గతం, సొంత గాయాలు ఉంటాయి, మనం అతన్ని తోడుండి నడిపిస్తాం అంతే. అదే ఏడాది పీసీలో ఫాలౌట్. అక్కడ పాత్రను మనమే తయారుచేసుకుంటాం. తెలివి బాగా తగ్గించి మొదలుపెడితే మన మాటలే మూలుగులైపోతాయి, సరైన నైపుణ్యం, రుజువులు ఉంటే చివరి శత్రువుని మాటలతోనే ఒప్పించి పని ముగించొచ్చు. అయితే ఇలాంటి స్వేచ్ఛకు ఖర్చుంది, చాలామంది ఎప్పటికీ చూడని దారులు కూడా కూర్చుని రాయాలి. ప్రపంచం పెద్దదైతే ఇంకో తలనొప్పి. 2006లో ఆబ్లివియన్ మన లెవెల్‌తోపాటు శత్రువుల్నీ పెంచేసింది, దాంతో దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు వేసుకుని చిల్లర అడగడం మొదలుపెట్టారు. ఎక్కడికైనా వెళ్లొచ్చు సరే, మనం బలపడ్డామన్న తృప్తి మాత్రం పోయింది.

తర్వాత ఎవరు ఎటు అన్నదే కలిసిపోయింది. విజర్డ్రీ అమెరికాలో 2001 నాటి ఎనిమిదో భాగంతో ఆగిపోయి, జపాన్‌లో కొత్త ఆటలుగా వస్తూనే ఉంది. 2009లో జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తెచ్చిన డీమన్స్ సోల్స్‌ను జేఆర్‌పీజీ అనడానికి చాలామందికి నోరు రాదు. 2023లో యోషిదా జట్టు టర్నులు వదిలేసి యాక్షన్‌కి వెళ్తే, అదే ఏడాది బెల్జియం స్టూడియో లారియన్ టర్న్ బేస్డ్ బాల్డర్స్ గేట్ 3తో గేమ్ ఆఫ్ ద ఇయర్ కొట్టింది. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎక్స్‌పెడిషన్ 33 ఫైనల్ ఫాంటసీ ప్రభావంతోనే టర్నులు పెట్టి, శత్రువు వంతులో మనం టైమింగ్ చూసి దెబ్బ కాచుకునేలా చేసింది. దాన్ని జేఆర్‌పీజీ అనొచ్చా లేదా అని ఇప్పుడు ఇంకో పంచాయితీ నడుస్తోంది.