గట్టి ఇనుమే మంచి ఇనుమా? వాల్వ్ భాగాల తయారీలో అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల ఇంజన్లు ఊడదీసే పని మొదలవుతుంది. జూన్ 14 దాకా, 61 రోజులే గడువు. పాత ఇంజన్లకు స్పేర్లు దొరకనప్పుడు గైడ్లు (వాల్వ్ కాడ జారే గొట్టాలు), పుష్ రాడ్లు (కామ్ కదలికను రాకర్‌కి చేర్చే కడ్డీలు), రాకర్ బుష్‌లు (వాల్వ్‌ని నొక్కే రాకర్ చేయి షాఫ్టు మీద తిరగడానికి వేసే గొట్టాలు) లేత్ మీద తిప్పించుకోవాల్సిందే. ఆ తొందరలో మెటీరియల్ గురించి చెప్పుకునే కొన్ని మాటలు ఇంజన్‌ని నడిసంద్రంలో ఆపేస్తాయి. వాల్వ్ ట్రైన్‌లో, అంటే వాల్వులను తెరిచి మూసే ఈ భాగాల వరుసలో, ప్రతి ముక్కా ఇంకో ముక్కతో రాసుకుంటుంది. ఏ ఇనుము వాడాలో తేల్చేముందు అది దేనికి రాసుకుంటుంది, ఎంత వేడిలో పనిచేస్తుంది అన్నవి చూడాలి.

అపోహ: స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరు మనది. కమ్మీ ముక్కతో పుష్ రాడ్ తిప్పించినా ఢోకా ఉండదు.

వాస్తవం: టీఎంటీ కమ్మీ కట్టడాల కోసం చేసింది. నీళ్లతో చప్పున చల్లార్చడం వల్ల దాని పైపొర మాత్రమే గట్టిపడుతుంది, లోపలంతా మెత్తన. లేత్ మీద తిప్పగానే మొదట పోయేది ఆ గట్టి పొరే. ఎఫ్‌ఈ 500 కమ్మీలో కార్బన్ 0.30 శాతం మించదు, కాబట్టి కొసను కాల్చి ఆర్పినా కావలసిన గట్టిదనం రాదు. పుష్ రాడ్‌కి ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) తీసుకుని రెండు కొసలూ ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు చుట్టతో వేడిచేసి ఆర్పడం) చేయించాలి. కొసలు విడిగా చేసి బిగించేట్టయితే ఈఎన్353 (తక్కువ కార్బన్ ఉక్కు)తో చేసి కేస్ హార్డెనింగ్‌కి (పైపొరకు కార్బన్ ఎక్కించి గట్టిపరచడానికి) ఇవ్వాలి.

ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. కేస్ హార్డెనింగ్‌లో గట్టిపడేది పైన 0.8 నుంచి 1 మి.మీ. లోతు మాత్రమే. సైజుకి 1 మి.మీ. ఎక్కువ ఉంచి పంపి, తిరిగొచ్చాక గ్రైండింగ్‌లో తీసేస్తే సగం పొర చక్రం కిందే పోతుంది. వ్యాసంలో 0.2 నుంచి 0.3 మి.మీ. మించి ఉంచకూడదు. పని అయ్యాక బాల్ కొసమీద ఆకురాయి పెట్టి తోయండి. జారిపోతే సరే, కొరికితే ఆ ముక్క ఇంజన్‌లోకి వెళ్లకూడదు.

అపోహ: ఈఎన్31 అన్నిటికన్నా గట్టిది, ఏ ముక్కకైనా అదే వాడితే అరగదు.

వాస్తవం: బేరింగుల ఇనుము అది. 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలత) దాకా వస్తుంది, రోలర్ పిన్నుకి బ్రహ్మాండం. కానీ దాన్ని టెంపర్ చేసేది (ఆర్పాక పెళుసు తగ్గడానికి మళ్లీ వేడిచేసేది) 150 - 180 డిగ్రీల దగ్గర. అంతకు బాగా మించిన వేడిలో పెడితే మెత్తబడుతుంది. రాకర్ చేయిలాంటి దెబ్బలు తినే ముక్కకి వాడితే పగులుతుంది. రాకర్ బుష్ ఈఎన్31తో చేస్తే ఇంకో చిక్కు. గట్టి షాఫ్టు మీద గట్టి బుష్ పడి, నూనె ఒక్క నిమిషం అందకపోతే రెండూ అతుక్కుని గీరుకుపోతాయి. బుష్‌కి ఫాస్ఫర్ బ్రాంజే సరైనది. అరిగితే బుష్ అరగాలి, షాఫ్టు మిగలాలి. బుష్ కొట్టాక రాకర్ నూనె రంధ్రంలోంచే డ్రిల్ పెట్టి బుష్‌కి రంధ్రం చేయండి, లోపలి బర్ (అంచున మిగిలిన లోహపు ముల్లు) తీసేయండి. ముందే రంధ్రం చేసి కొడితే 2 మి.మీ. పక్కకి జరిగినా నూనె దారి మూసుకుపోతుంది.

అపోహ: సముద్రపు గాలికి తుప్పు పట్టదు కాబట్టి 304 స్టెయిన్‌లెస్‌తో వాల్వ్ చేయించాలి.

వాస్తవం: వద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ఆ వేడిలో 304కి బలం చాలదు. దాన్ని కాల్చి ఆర్పి గట్టిపరచలేం, రాకర్ తాకే కొన గుంట పడుతుంది. ఇన్‌టేక్‌కి ఈఎన్52, ఎగ్జాస్ట్‌కి 21-4ఎన్ వాడతారు, రెండూ వాల్వుల కోసం చేసిన ఉక్కులే. 21-4ఎన్ కూడా ఆర్పితే గట్టిపడదు, అందుకే కొనకు స్టెల్లైట్ (కోబాల్ట్ కలిసిన గట్టి లోహం) అతికిస్తారు లేదా స్టెమ్ (వాల్వ్ కాడ) పైభాగం ఈఎన్52తో చేసి ఫ్రిక్షన్ వెల్డింగ్ (రాపిడి వేడితో అతకడం) చేస్తారు. అయస్కాంతం పెడితే రెండు ముక్కల వాల్వ్ తెలిసిపోతుంది: తల అంటుకోదు, పైస్టెమ్ అంటుకుంటుంది.

అపోహ: బ్రాంజ్ గైడ్ వేడిని లాగేస్తుంది, ఇనప గైడ్ కన్నా ఎప్పుడూ మేలు.

వాస్తవం: వేడిని బాగా లాగేది శుద్ధమైన రాగి. 10 శాతం తగరం కలిసిన ఫాస్ఫర్ బ్రాంజ్ ఆ విషయంలో కాస్ట్ ఐరన్‌కి దగ్గరగానే ఉంటుంది. పైగా వాల్వ్ తల వేడిలో పెద్ద వాటా సీటు (వాల్వ్ మూసుకున్నప్పుడు తల ఆనే అంచు) గుండానే పోతుంది. ఇనప హెడ్ ఉన్న, మెల్లగా తిరిగే బోటు డీజిల్‌కి కాస్ట్ ఐరన్ గైడ్ చక్కగా సరిపోతుంది. అందులోని గ్రాఫైట్, నూనె తక్కువైనా స్టెమ్‌ని కాపాడుతుంది. అల్యూమినియం హెడ్డు, క్రోమ్ పూత లేని 21-4ఎన్ స్టెమ్ అయితే బ్రాంజ్ వైపు వెళ్లండి. సీసం కలిసిన గన్‌మెటల్ ముక్క మాత్రం ఎగ్జాస్ట్ గైడ్‌కి పనికిరాదు, సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది.

అపోహ: గైడ్ ఎంత టైటుగా ఉంటే పొగ అంత తగ్గుతుంది.

వాస్తవం: లెక్క వేయండి. 8 మి.మీ. 21-4ఎన్ స్టెమ్ 250 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.036 మి.మీ. లావెక్కుతుంది. ఈఎన్52 అయితే 0.025. ఎగ్జాస్ట్‌లో 0.02 మి.మీ. సందు ఉంచితే వాల్వ్ పట్టేస్తుంది. అలా పట్టేసిన వాల్వ్ స్టెమ్ కింది భాగంలో నిలువు గీతలుంటాయి, గీత చివర లోహం చిన్న ముద్దగా పేరుకుని గోటికి తగులుతుంది. ఈ సైజుకి ఇన్‌టేక్ 0.03 - 0.05, ఎగ్జాస్ట్ 0.05 - 0.08 మి.మీ. మామూలు. ఇంజన్ మాన్యువల్ ఉంటే అందులోని అంకెనే పాటించండి.

గైడ్‌ని ముందే పూర్తి సైజుకి రీమర్ (బోరుని సరైన సైజుకి తెచ్చే పనిముట్టు) వేయకండి. హెడ్‌లోకి నొక్కాక బోరు కాస్త మూసుకుంటుంది. 0.1 - 0.2 మి.మీ. తక్కువ ఉంచి, నొక్కి, ఆపైన రీమర్ వేయాలి. సీటు కోత దాని తర్వాతే, ఎందుకంటే కట్టర్ పైలట్ (కట్టర్‌ని కేంద్రంలో నిలిపే కడ్డీ) నిలబడేది గైడ్‌లోనే. ఈ వరుస తప్పితే సీటుకీ గైడ్‌కీ కేంద్రం కలవదు, ఎంత పేస్టు వేసి రుద్దినా వాల్వ్ ఒక పక్కే కూర్చుంటుంది.

అపోహ: సీటు సన్నగా ఉంటే గట్టిగా సీలవుతుంది.

వాస్తవం: వేడి పోయే దారి కూడా సన్నబడుతుంది. ఎగ్జాస్ట్‌కి 1.5 నుంచి 2 మి.మీ. ఉంచండి. బ్లూ (ఆనిన చోటు చూపే నీలి రంగు) రాసి చూస్తే ఉంగరం ఎక్కడా తెగకుండా రావాలి.

అపోహ: ట్యాపెట్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు) చప్పుడు లేకపోతే సెట్టింగ్ బాగున్నట్టే.

వాస్తవం: కొత్త సీటులో వాల్వ్ ఇంకా కూర్చుంటుంది, ఆ మేరకు సందు తగ్గుతుంది. ముందే బిగించి పెడితే వేడికి వాల్వ్ పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. మాన్యువల్ చెప్పిన ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకుతో) సెట్ చేసి, బోటు మొదటి వేట నుంచి తిరిగొచ్చాక ఇంజన్ చల్లారనిచ్చి అన్ని వాల్వులూ మళ్లీ కొలవండి.