ప్రభుత్వ బ్యాంకుల్లో ఖాళీ పడిన మధ్య వరుస

ఎస్‌బీఐలో ఉన్న నాలుగు మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ) పోస్టుల్లో ఒకదానికి ప్రైవేటు రంగం వాళ్లు కూడా పోటీ పడొచ్చని 2025 అక్టోబర్‌లో కేంద్రం చెప్పింది. బ్యాంకు యూనియన్లు దీన్ని వ్యతిరేకించాయి. లోపల ఇంతమంది ఉండగా బయటివాళ్లెందుకని అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. దాని జవాబు మాత్రం పాత నిర్ణయాల్లో ఉంది.

1969లో 14 బ్యాంకులు, 1980లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 జాతీయమయ్యాయి. ఊరూరా బ్రాంచీలు తెరిచారు, వాటికోసం పెద్ద ఎత్తున మనుషుల్ని తీసుకున్నారు. ప్రొబేషనరీ ఆఫీసరుగా (పీఓ) చేరినవాళ్లు పల్లె బ్రాంచిలో పంట రుణాలిచ్చి, పట్నంలో మేనేజరై, రీజనల్ ఆఫీసు నడిపి, స్కేలు తర్వాత స్కేలు ఎక్కి జనరల్ మేనేజర్ (జీఎం) అయ్యేసరికి పాతికేళ్లు పట్టేది. రేపటి పెద్దల్ని తయారుచేసింది ఆ మెట్లే.

తొంభైల్లో కంప్యూటర్లు వచ్చాయి, ఖర్చు తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది, రిక్రూట్‌మెంట్ బాగా పడిపోయింది. ఆపైన 2000 చివర్లో వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టారు. పదిహేనేళ్ల సర్వీసు గానీ, నలభై ఏళ్ల వయసు గానీ ఉంటే చాలు. సుమారు లక్ష మంది వెళ్లిపోయారు. జీతాల భారం ఎంత తగ్గుతుందో లెక్కేశారు. ఆ వెళ్లేవాళ్లలో పదిహేనేళ్ల తర్వాత జీఎంలు కావాల్సినవాళ్లు ఎందరో కూడా చూసి ఉండాల్సింది.

దాని ఫలితం 2010లో, ప్రభుత్వ బ్యాంకుల సిబ్బంది విషయాలు చూసిన ఖండేల్వాల్ కమిటీ నివేదికలో బయటపడింది. ఐదేళ్లలో జీఎంలలో దాదాపు 80 శాతం, వాళ్ల కింది స్థాయి డీజీఎంలలో 65 శాతం రిటైరవుతారని కమిటీ హెచ్చరించింది. 2011లో ఐబీపీఎస్ అనే సంస్థ నిర్వహించే ఉమ్మడి నియామక పరీక్ష మొదలై కుర్రాళ్లు వేలల్లో వచ్చారు. పైన రిటైర్మెంటుకు దగ్గరైనవాళ్లు, కింద కొత్తవాళ్లు, మధ్యలో పలచటి వరుస. అందులోనూ ప్రమోషన్ వస్తే దూరపు ట్రాన్స్‌ఫర్ తప్పదని, పిల్లల చదువులు చెడతాయని వద్దనుకున్నవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

తర్వాత చేసిన మార్పులన్నీ పై అంతస్తులోనే. 2014లో బ్యాంకుల బోర్డుల పనితీరు చూసిన నాయక్ కమిటీ ఎండీల పదవీకాలం మరీ తక్కువగా ఉంటోందని ఎత్తిచూపింది. 2015లో బ్యాంక్ ఆఫ్ బరోడాకు, కెనరా బ్యాంకుకు ప్రైవేటు రంగం నుంచి ఎండీలను తెచ్చారు. 2016లో పై పదవులకు పేర్లు సూచించే బ్యాంక్స్ బోర్డు బ్యూరో, 2022లో దాని స్థానంలో అదే పని చేసే ఎఫ్‌ఎస్‌ఐబీ వచ్చాయి. ఇవి ఉన్నవాళ్లలోంచి ఎంపిక చేయగలవు, అంతే. లేనివాళ్లను తయారుచేయడం వాటి చేతిలో లేదు.

ఎస్‌బీఐ పరిస్థితి కొంత మెరుగు. 1961 నుంచి హైదరాబాద్‌లో స్టాఫ్ కాలేజీ ఉంది. బ్యాంకు ఎండీల్లోంచే ఒకరు ఛైర్మన్ అవడం ఆనవాయితీగా వస్తోంది. 2024 ఆగస్టులో ఆ కుర్చీలో కూర్చున్న చల్లా శ్రీనివాసులు శెట్టి జోగులాంబ గద్వాల జిల్లావారు. వ్యవసాయంలో బీఎస్సీ చేసి 1988లో పీఓగా చేరారు. అక్కడినుంచి ఛైర్మన్ దాకా 36 ఏళ్లు.

2011 తర్వాత చేరిన పీఓలు చాలామంది ఇప్పుడు చీఫ్ మేనేజర్ స్థాయికి చేరుతున్నారు. పెద్ద రుణాలు, ట్రెజరీ, ఫారెక్స్, టెక్నాలజీ, పల్లె బ్రాంచి అన్నీ వాళ్లకు తెలియాలంటే ఇప్పుడే ఆ సీట్లలో కూర్చోబెట్టాలి. ఇన్సూరెన్స్ పాలసీల టార్గెట్ల వెనక పరిగెత్తిస్తూ ఈ ఏళ్లు గడిపేస్తే, 2035లో ఎంపిక బోర్డు ముందు ఇంటర్వ్యూకు కూర్చునేది ఆ అనుభవం లేని వాళ్లే.