ఎత్తుకీ ఎత్తుకీ మధ్య ఖాళీ

1974 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో మొట్టమొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్ జరిగింది. 13 ప్రోగ్రాములు, నాలుగే రౌండ్లు. సోవియట్ ప్రోగ్రామ్ కైస్సా నాలుగు ఆటలూ గెలిచి టైటిల్ తీసుకుంది. కానీ గట్టి ప్రత్యర్థి అయిన అమెరికా ప్రోగ్రామ్ చెస్ 4.0తో దానికి జోడీ పడనేలేదు. పోటీ ముగిశాక రెండింటికీ విడిగా ఒక ప్రదర్శన ఆట పెడితే అది డ్రా అయింది. మరి అసలు విజేత ఎవరు? కంప్యూటర్ చెస్ పోటీలు పెట్టేవాళ్లని ఈ ప్రశ్న ఆనాటి నుంచీ వెంటాడుతూనే ఉంది. రౌండ్లు పెంచితే ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది, వచ్చినవాళ్లకి ఊపిరి సలపదు. తగ్గిస్తే తీరిక దొరుకుతుంది, టైటిల్ మీద అనుమానం మిగులుతుంది.

మొదట్లో తీరిక ఎవరో కోరుకున్నది కాదు, పరిస్థితుల వల్ల వచ్చింది. కంప్యూటర్లు గదంత ఉండేవి, హాలుకి తేవడం కుదరదు. స్టాక్‌హోమ్‌లో బోర్డు మీద పడిన ఎత్తుని ఫోన్‌లో మాస్కోకి చెబితే, అక్కడి యంత్రం ఆలోచించి ఇచ్చిన జవాబు మళ్లీ ఫోన్‌లోనే రావాలి. పైగా ఈ పోటీలు సదస్సులకి అనుబంధంగా జరిగేవి. 1970లో న్యూయార్క్‌లో ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం సదస్సులో మొదలైన అమెరికా పోటీలో ఆరు ప్రోగ్రాములు మూడు రౌండ్లు ఆడాయి, అంతే.

ఆ నిదానం ఏమిచ్చిందో 1977 టొరంటోలో కనిపిస్తుంది. డచెస్ అనే ప్రోగ్రామ్ మంత్రితో కైస్సా రాజుకి చెక్ చెప్పింది. రాజు పక్కకి తప్పుకుంటే చాలనిపించే స్థితి. కైస్సా మాత్రం 34వ ఎత్తుగా తన ఏనుగుని అడ్డంపెట్టి ఊరికే పోగొట్టుకుంది. చూస్తున్నవాళ్లు ప్రోగ్రామ్‌లో ఏదో తప్పుందనుకున్నారు. మాజీ ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ కూడా అక్కడే ఉన్నారు. ఆట ఓడాక కైస్సా బృందం, రాజుని జరిపి ఉంటే ఏమయ్యేదో చూపమని ప్రోగ్రామ్‌నే అడిగింది. డచెస్ తన మంత్రిని బలిచ్చి ఆట కట్టేసేదట! హాలంతా చూడలేకపోయిన ఎత్తుని యంత్రం ముందే చూసి, ఏనుగుని ఇచ్చి ఓటమిని కొంత వెనక్కి నెట్టింది. ఆట అయ్యాక ఆగి అడిగారు కాబట్టే ఆ సంగతి తెలిసింది. అంతర్జాతీయ కంప్యూటర్ చెస్ సంఘం పుట్టింది కూడా ఆ ఏడాది టొరంటోలోనే.

తర్వాత కంప్యూటర్లు చిన్నవై బల్లల మీదకి వచ్చేశాయి. ఆపరేటర్ పని మాత్రం మారలేదు: ప్రత్యర్థి ఎత్తుని టైప్ చేయడం, తన ప్రోగ్రామ్ ఎత్తుని బోర్డు మీద ఆడి గడియారం నొక్కడం. ఇందులో మనిషి చెయ్యి పడుతుందన్న టెన్షన్ ఎప్పుడూ ఉండేది. 2003లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో అదే జరిగింది. ష్రెడర్‌తో ఆటలో ఒకే స్థితి మూడోసారి వచ్చిందని, అంటే డ్రా అడగొచ్చని, జానీ అనే ప్రోగ్రామ్ తెర మీద చూపించింది. దాని ఆపరేటర్ డ్రా అడగకుండా ఆట కొనసాగించాడు. ష్రెడర్ గెలిచి, ఫ్రిట్జ్‌తో సమానమై, టైబ్రేక్‌లో ఛాంపియన్ అయింది. పెద్ద దుమారమే రేగింది.

2000లో ప్రోగ్రాములు ఎత్తులు ఇచ్చిపుచ్చుకోవడానికి యూసీఐ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. దానివల్ల ఇంజిన్లని, అంటే చెస్ ఆడే ప్రోగ్రాములని, ఒకదానితో ఒకటి నేరుగా ఆడించడం తేలికైంది. 2010లో మొదలైన టీసీఈసీ అనే ఆన్‌లైన్ ఇంజిన్ల పోటీలో బోర్డూ లేదు, ఆపరేటరూ లేడు. అన్నీ నిర్వాహకుల యంత్రాల మీదే రాత్రింబవళ్లు ఆడతాయి, ఫైనల్‌కే వంద ఆటలు. ఎంచిన ఒక్కో ఓపెనింగ్‌ని (ఆట మొదటి ఎత్తుల వరసని) రెండు ఇంజిన్లూ ఒకసారి తెల్లతో, ఒకసారి నల్లతో ఆడతాయి. ఎవరు బలవంతులో తేల్చడానికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు కనపడదు. పదో పదకొండో రౌండ్లతో, అందులోనూ సగానికి సగం డ్రాలైతే, ఆ సంగతి ఎలా తేలుతుంది?

కానీ బలం తేల్చే పని సర్వర్లు తీసుకున్నాక, దేశాలు దాటి వచ్చినవాళ్లని రోజుకి రెండు మూడు రౌండ్లతో హడావిడి పెట్టడం దేనికి? రోజుకి ఒక్క రౌండ్ పెట్టి, సాయంత్రం ఓడిన ఆటని అందరి ముందూ విప్పి చూసే వీలు కల్పించి ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడా అవకాశం కూడా లేదు. స్టాక్‌హోమ్‌లో మొదలైన ఆ ఛాంపియన్‌షిప్ 50 ఏళ్ల తర్వాత, 2024లో స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపోస్తెలాలో చివరిసారి జరిగింది.