మిలటరీ ప్రింటు: షేడు కలిస్తే చాలదండీ

మొన్న జీడిమెట్ల నుంచి ఒకాయన రెండు గుడ్డ ముక్కలు పట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చారు. "మేడమ్, షేడు అచ్చు గుద్దినట్టు ఉంది కదా, లాటంతా ఎందుకు తిప్పి పంపారు?" రంగుల ల్యాబ్‌లో ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: ఇసుక రంగు కంటికి కలిస్తే ఎడారి కమాఫ్లాజ్ (సైనికుడు పరిసరాల్లో కలిసిపోయే ప్రింటు) పాసైనట్టే.

వాస్తవం: పగటి కంటితోపాటు చీకట్లో చూపించే నైట్ విజన్ పరికరాన్నీ మోసం చేయాలి. అది 700 నానోమీటర్లు దాటిన, మన కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా పట్టేస్తుంది. మామూలు రంగులు చాలావరకు అక్కడ ఉన్నా లేనట్టే, బట్టంతా తెల్లగా మెరుస్తుంది. ఇసుకా బాగానే మెరుస్తుంది, నిజమే. కానీ మచ్చకీ మచ్చకీ తేడా లేకపోతే మనిషి మొత్తం ఒకే తెల్లటి ముద్దగా తేలతాడు. కాటన్ బట్టకి, ఇన్‌ఫ్రారెడ్‌నీ కొంత పీల్చుకునే వ్యాట్ రకం రంగులు అడిగేది అందుకే. ఈ జీడిమెట్ల ఆయన మామూలు రియాక్టివ్ రంగులతో కానిచ్చేశారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కింద పెడితే ఒక్క మచ్చా లేదు! అప్పు తెచ్చి వేయించారట, కుర్చీలో కూలబడ్డారు. టీ తెప్పించాను, అంతకంటే ఏం చేయను? ప్రింటింగ్‌కి ముందే అర మీటరు తెచ్చి రిఫ్లెక్టెన్స్ (బట్ట ఎంత కాంతిని తిప్పికొడుతుందో) తీయించుకోండి బాబూ, వాట్సాప్‌లో ఫొటో పంపితే ఎవరూ చెప్పలేరు.

ఎడారంటే ఎడారేగా అంటారు ఇంకొందరు. కాదు. అమెరికా వాళ్ల ఆరు రంగుల 'చాక్లెట్ చిప్' ప్రింటులో గులకరాళ్లలాంటి నలుపు తెలుపు చుక్కలు వాళ్ల రాళ్ల ఎడారిని చూసి వేసినవి. 1991 గల్ఫ్ యుద్ధంలో అరేబియా ఇసుకలో ఆ గులకరాళ్లెక్కడివి? తర్వాత మూడు రంగులకి మారారు.

మంత్రిగారికి నచ్చితే చాలనుకున్న కథా ఉంది. అఫ్ఘాన్ సైన్యానికి అడవి ప్రింటు అక్కడి రక్షణ మంత్రికి నచ్చిందనే కొన్నారు. ఆ దేశంలో అడవి 2.1 శాతమేనని 2017లో అమెరికా తనిఖీ సంస్థ సిగార్ తేల్చింది. మన ఆర్మీ 2022లో చూపించిన యూనిఫాం డిజైన్‌లో ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ చేయి ఉంది. అది బజార్లో అమ్మకానికి కాదు, దాన్ని చూసి కాపీ కొట్టిమ్మని నన్నడగొద్దు.

మల్కాజిగిరి పిన్నిగారి అబ్బాయి జైసల్మేర్‌లో ఉన్నాడు. "డ్రెస్సు వెలిసింది, శత్రువుకి కనబడతాడేమోనే" అని రాత్రి పదింటికి ఫోను. వెలిస్తే యూనిట్‌లో కొత్తది ఇస్తారు, దిగులుపడకండి, మీరు గంజి మాత్రం పెట్టకండి, నైట్ విజన్ నుంచి దాచే గుణం చెడుతుంది అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. మొన్న సెలవుకొచ్చినప్పుడు మూడు జతలకీ పెట్టి ఇస్త్రీ చేసి పంపారట.