రోజువారీ అద్దె ఫ్లాట్లు, అసోసియేషన్ జరిమానాలు: అపోహలు – వాస్తవాలు

గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఈ గొడవ బాగా పెరిగింది. ఫలానా ఫ్లాట్‌ను యాప్‌లో పెట్టి రోజుల లెక్కన ఇస్తున్నారని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తారు. కమిటీ జరిమానా వేస్తుంది, ఓనరు కట్టనంటాడు, మధ్యలో వాచ్‌మన్ నలిగిపోతాడు. ఇరువైపులా గట్టిగా నమ్మే మాటల్లో కొన్ని చట్టం ముందు నిలబడవు.

అపోహ: "ఫ్లాట్ నాది. ఎవరికి ఎన్ని రోజులకిచ్చినా అడిగే హక్కు ఎవరికీ లేదు."

వాస్తవం: ఫ్లాట్ మీదే. లిఫ్టు, కారిడారు, స్విమ్మింగ్ పూల్, సంపు నీళ్లు అందరివీ. సభ్యత్వం తీసుకున్నాక బైలాస్ (అసోసియేషన్ నియమావళి) మీకూ వర్తిస్తాయి. అద్దె కాలానికి కనీస గడువు అందులో సరిగ్గా రాసి ఉంటే దాన్ని కొట్టిపారేయలేరు.

ఓనర్లు అసలు లెక్కలోకి తీసుకోనిది కరెంటు మీటరు. ఇంటి కేటగిరీ కనెక్షన్ మీద లాడ్జింగ్ వ్యాపారం నడుస్తోందని తనిఖీలో తేలితే విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 126 కింద అసెస్‌మెంట్ (లెక్కగట్టిన బిల్లు) వేయొచ్చు. వర్తించే కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి నడుస్తోందో తేల్చలేకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కగడతారు. ప్రొవిజనల్ (తాత్కాలిక) ఆర్డరు అందాక అభ్యంతరం చెప్పొచ్చు, అది అందిన 30 రోజుల్లోపే ఫైనల్ ఆర్డరు వేస్తారు. ఫైనల్ ఆర్డరు మీద అప్పీలుకు వెళ్లాలంటే సగం సొమ్ము ముందే కట్టాలి. అసోసియేషన్ వేసే జరిమానా దీని ముందు చాలాసార్లు చిన్నదే అవుతుంది.

అపోహ: "కమిటీ తీర్మానం చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే జరిమానా చెల్లుతుంది."

వాస్తవం: ఎక్కువ అసోసియేషన్లు దెబ్బతినేది ఇక్కడే. జరిమానా వేసే అధికారం బైలాస్‌లో ఉండాలి. లేకపోతే ముందస్తు నోటీసుతో జనరల్ బాడీ పిలిచి, కోరంతో (కనీస హాజరుతో), బైలాస్ చెప్పిన మెజారిటీతో సవరణ చేసి, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. ఎంత మొత్తమో రూపాయల్లో రాయాలి. "కమిటీ నిర్ణయించినంత" అంటే తేలిగ్గా సవాలు చేస్తారు.

ఆ తర్వాత వరుస ఇది. ఏ నియమం, ఏ తేదీన, ఎలా ఉల్లంఘించారో రాసి ఓనరు ఈమెయిల్‌కూ స్పీడ్ పోస్టులోనూ నోటీసు పంపాలి. జవాబుకు కనీసం 7 రోజులు ఇచ్చి, అడిగితే కమిటీ ముందు మాట్లాడనివ్వాలి. నిర్ణయాన్ని కారణాలతో మినిట్స్‌లో రాయాలి. నోటీసు తలుపుకు అంటిస్తే చూసేది ఆ రాత్రి దిగిన అతిథి మాత్రమే. ఓనరు అమెరికాలో ఉంటే సంగతి ఆయన దాకా చేరదు.

జరిమానాను మెయింటెనెన్స్ బిల్లులో కలపడం మరో పొరపాటు. ఓనరు మెయింటెనెన్స్ వరకే కడతాడు, అకౌంటెంటు దాన్ని జరిమానా ఖాతాలో సర్దుతాడు, కట్టినాయన డిఫాల్టరుగా కనిపిస్తాడు. రెండూ వేర్వేరు రసీదులతో నడవాలి. ఒక ఫ్లాటుకు జరిమానా వేసి, అదే పని చేస్తున్న కమిటీ సభ్యుడి ఫ్లాటును వదిలేస్తే కేసు అక్కడే బలహీనపడుతుంది.

ఫిర్యాదు ఎలా రాశారన్నదీ ముఖ్యమే. "రాత్రంతా గోల" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "శనివారం రాత్రి 11.40 నుంచి 1.15 వరకు, 504 బాల్కనీలో స్పీకరు, సెక్యూరిటీ రెండుసార్లు ఇంటర్‌కామ్‌లో చెప్పారు, గేటు రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంది" అని రాస్తే పనికొస్తుంది. సీసీ కెమెరాల్లో పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డవుతూ పోతుంది కాబట్టి ఫిర్యాదు అందిన రోజే కాపీ తీసి పెట్టండి.

వివాదం ముదిరితే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన అసోసియేషన్ విషయంలో సెక్షన్ 23 ప్రకారం ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు.

అపోహ: "కట్టకపోతే నీళ్లు, కరెంటు ఆపేద్దాం."

వాస్తవం: ఆ పని చేయకండి. కరెంటు కనెక్షన్ డిస్కంకూ (కరెంటు సరఫరా సంస్థకూ) వినియోగదారుడికీ మధ్య ఉన్నది. నిత్యావసరాలు ఆపితే తప్పు అసోసియేషన్ వైపుకు మారిపోతుంది.

అపోహ: "పెళ్లికాని జంటలు దిగుతున్నారు, అదొక్కటి చాలు మూయించడానికి."

వాస్తవం: చాలదు. కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంటుకు అధికారులు సీలు వేస్తే, పెళ్లికాని జంట గదిలో ఉండడాన్ని నిషేధించే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులో చెప్పింది, సీలు తీయమంది. వచ్చినవాళ్ల పెళ్లి, మతం, వేషం మీద రాసిన ఫిర్యాదు న్యాయమైన ఫిర్యాదును కూడా పలచన చేస్తుందని మా గట్టి అభిప్రాయం. నీళ్ల వాడకం, పార్కింగ్, శబ్దం, అర్ధరాత్రి వేరే ఇంటి కాలింగ్ బెల్ కొట్టడం: ఇవి రాయండి.

అపోహ: "రాత్రి పది దాకా ఎంత సౌండైనా పెట్టుకోవచ్చు."

వాస్తవం: నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్. పగటిపూటా పరిమితి ఉంది. రాత్రి గొడవకు 112కి ఫోన్ చేయండి; తలుపు దగ్గరికి గుంపుగా వెళ్లొద్దు.

అపోహ: "యాప్ జీఎస్టీ కట్టేస్తోంది, ఆధార్ జిరాక్స్ గేటు దగ్గర ఉంది. ఇక అంతా లీగలే."

వాస్తవం: రిజిస్ట్రేషన్ అవసరం లేని, అంటే ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని హోస్టు తరఫున జీఎస్టీ యాప్ కడుతుంది. పన్ను కట్టినంత మాత్రాన మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు గానీ అసోసియేషన్ అనుమతి గానీ వచ్చినట్టు కాదు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కూడా ఓనరు కుటుంబం అక్కడే ఉండే ఇళ్లకు, గరిష్ఠంగా 6 గదులు, 12 పడకల వరకే. తాళంచెవి కోడ్‌బాక్సులో పెట్టి నడిపే ఖాళీ ఫ్లాటుకు అది వర్తించదు.

విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. సీ-ఫారం అని అందరూ పిలిచేది ఇదే. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చిన తెలుగువారూ చట్టం దృష్టిలో విదేశీయులే, ఇక్కడే ఎక్కువమంది తప్పిపోతారు. ఇక ఆధార్ జిరాక్సులు గేటు దగ్గర కట్టలు కట్టి పెట్టడం ప్రమాదం. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి.

అపోహ: "ఓనరుతో నాకు 11 నెలల అగ్రిమెంటు ఉంది, నేనెలా వాడుకుంటే ఏం?"

వాస్తవం: నివాసానికని తీసుకున్న ఇంటిని వేరే పనికి వాడకూడదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతుంది. సబ్‌లీజు విషయం వేరు: అగ్రిమెంటులో వద్దని లేకపోతే అద్దెదారుకు ఆ వెసులుబాటు ఉంటుంది. అందుకే ఓనర్లు స్పష్టంగా రాయించుకోవాలి: సబ్‌లీజు ఇవ్వరాదు, 30 రోజులకు తక్కువ బసకు ఎవరికీ ఇవ్వరాదు, ఏ యాప్‌లోనూ పెట్టరాదు, ఇవి మీరినందుకు పడే జరిమానాను అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చు. సభ్యుడు ఓనరే కాబట్టి అసోసియేషన్ మాత్రం వసూలు ఓనరు దగ్గరే చేస్తుంది.